నిశ్శబ్దం వెతుకుతూ పోతే బరువు ఎదురైంది

వంటగదిలో గిన్నె మూత ఒకటి చేతిలోంచి జారి నేల మీద పడింది. అది పడి, గిర్రున తిరిగి, చివరికి నేలకు ఆని ఆగడానికి నాలుగైదు సెకన్లు పట్టి ఉంటుంది. ఆ చప్పుడుకు ఎగిరిపడిన నా గుండె మామూలు కావడానికి మాత్రం అరగంట పట్టింది. మణికట్టు పట్టుకుని లెక్కపెట్టుకుంటే నాడి నిమిషానికి 118 సార్లు కొట్టుకుంటోంది. పడింది మూతేనని, భయపడవలసింది ఏమీ లేదని నాకు స్పష్టంగా తెలుసు. తెలిసిన ఆ సంగతి మెడ దిగి కిందికి వెళ్లలేదు, అంతే.

అప్పటికి ఇది మొదలై ఎనిమిది నెలలయింది. అంతకుముందు ఏడాదిన్నర పాటు ఇంట్లో మంచాన పడిన మనిషిని రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉన్నాను. పిలుపు ఎప్పుడు వినిపిస్తుందోనని చెవిని తలుపు దగ్గరే ఉంచి నిద్రపోయే అలవాటు ఆ రోజుల్లోనే పట్టుకుంది. ఆ బాధ్యత తీరిపోయాక కూడా చెవి తలుపు దగ్గరి నుంచి తిరిగి రాలేదు. పైగా నా ఉద్యోగం హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఇతరుల సంభాషణల రికార్డింగులు విని, విన్నది విన్నట్టు టైపు చేయడం. అంటే పగలంతా జీతానికి వినేదాన్ని, రాత్రంతా ఊరికే వినేదాన్ని.

వైద్యుడు ఈసీజీ తీయించి, థైరాయిడ్, రక్తహీనత వంటివి పరీక్షించి, ఏ లోపమూ లేదని తేల్చారు. “మీ శరీరం చాలా కాలం కాపలా కాసింది. ఇక దిగవచ్చని దానికి ఎవరూ చెప్పలేదు” అన్నారాయన. మన ప్రమేయం లేకుండా గుండెను, శ్వాసను, జీర్ణక్రియను నడిపే స్వయంచోదిత నాడీవ్యవస్థలో రెండు పాయలున్నాయని, ప్రమాదం అనిపించగానే సహానుభూత నాడులు గుండె వేగాన్ని పెంచి కండరాలకు రక్తం మళ్లిస్తాయని, ప్రమాదం తప్పాక సహసహానుభూత నాడులు ఆ వేగాన్ని తగ్గిస్తాయని బడిలో చదువుకున్న పాఠమే ఆయన మళ్లీ చెప్పారు. మొదటి దానిని అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లోనే ‘పోరాటమో పలాయనమో’ అన్న అర్థంలో వర్ణించారు. నా విషయంలో పోరాడవలసిన శత్రువూ లేడు, పారిపోవలసిన చోటూ లేదు. సన్నాహం మాత్రం రోజుకు పదిసార్లు జరిగిపోయేది.

చప్పుడు బాధ పెడుతోంది కాబట్టి చప్పుడు లేకుండా చేసుకుంటే సరిపోతుందని నేను అనుకున్నాను. ఎవరైనా అలాగే అనుకుంటారు. కిటికీల సందుల్లో గుడ్డలు కుక్కాను, గదిలో దీపం తగ్గించాను, హెడ్‌ఫోన్లు తీసిన మరుక్షణం చెవుల్లో స్పాంజి బిరడాలు పెట్టుకోసాగాను. మొదటి నాలుగు రోజులు స్వర్గంలా అనిపించింది. మూడో వారానికి పక్క గదిలో కాగితం మడిచిన చప్పుడు కూడా నాకు తగలడం మొదలైంది. వినికిడిని అతిగా కప్పి ఉంచితే మెదడు తన వినే సున్నితత్వాన్ని ఇంకా పెంచుకుంటుందని, నిజంగా చెవికి హాని చేసేంత పెద్ద మోత ఉన్నచోట తప్ప బిరడాలు రోజంతా వాడకూడదని తరువాత తెలిసింది. ఆ మూడు వారాల్లో నేను చేసిందల్లా చీకటికి కళ్లు అలవాటు చేసుకుని, ఆపైన వెలుతురును తిట్టుకోవడం.

అప్పుడు మా చెల్లెలు ఒక మాట అంది. “అక్కా, నీకు బాగాలేని సమయాల లెక్క నీ దగ్గర ఉంది. బాగున్న సమయాల లెక్క ఉందా?” లేదు. ఆ వారమే వైద్యుడు సూచించిన ఆక్యుపేషనల్ థెరపిస్టును, అంటే రోజువారీ పనులు సాఫీగా చేసుకునేందుకు సాయపడే నిపుణురాలిని కలిస్తే, ఆమె కూడా మొదటి గంటలో మందుల గురించో మనసు గురించో కాకుండా ఇదే అడిగారు. ఏ చప్పుడు, ఏ వేళ, అంతకు గంట ముందు ఏం చేస్తున్నారు, కూర్చుని ఉన్నారా నడుస్తున్నారా, చొక్కా మెడ వెనక చీటీ గుచ్చుకుంటుందా, గుంపులో ఎవరైనా అనుకోకుండా తగిలితే ఎలా ఉంటుంది, ఉయ్యాల ఇష్టమా. సగం ప్రశ్నలకు నా దగ్గర సమాధానం లేదు. నా ఒంటి గురించే కదా అడుగుతున్నారు, మరి తెలియదేమిటని సిగ్గేసింది.

ఆమె ఒక నోటుపుస్తకంలో గడులు గీసి ఇచ్చారు. వేళ, చేసిన పని, ముందు అలజడి సున్నా నుంచి పది వరకు ఎంత, పని అయిన పది నిమిషాలకు ఎంత, గంట తరువాత ఎంత. చివరి గడి నాకు అనవసరంగా తోచింది. తీరా చూస్తే నా తీరును మార్చింది ఆ గడే. చెవి బిరడాలు పది నిమిషాల గడిలో అలజడిని ఎనిమిది నుంచి నాలుగుకు దించేవి, అవి తీసేశాక గంట గడిలో తొమ్మిదికి ఎక్కించేవి. ఫోను తెర మీద వేలు జార్చుకుంటూ కూర్చోవడం కూడా అంతే: అప్పటికి ఊరట, ఆ తరువాత మరింత చిరాకు. ఊరట వేరు, కుదురు వేరు అన్న తేడా నాకు ఆ గడుల్లోనే కనిపించింది.

గడప అనే మాట కూడా ఆమె దగ్గరే నేర్చుకున్నాను. ప్రతి ఇంద్రియానికీ ఒక గడప ఉంటుందని, దాని ఎత్తును బట్టే బయటి సంకేతం లోపలికి వస్తుందో, గుమ్మం దగ్గరే ఆగిపోతుందో తేలుతుందని, అది మనిషికీ మనిషికీ తేడాగా ఉంటుందని, ఒకే మనిషిలో కూడా చెవి గడప, చర్మం గడప ఒకే ఎత్తులో ఉండనక్కర్లేదని చెప్పారు. అమెరికాకు చెందిన ఆక్యుపేషనల్ థెరపీ పరిశోధకురాలు విన్నీ డన్ 1997లో ప్రతిపాదించిన నమూనా ఇదే. ఎవరికో హాయినిచ్చింది నాకు ఎందుకు పడలేదో అప్పుడు అర్థమైంది. సుగంధ తైలాల సంగతి ఇక్కడే చెప్పి ముగిస్తాను: వాసన నాడులు మిగతా ఇంద్రియాల్లా మెదడు నడుమ ఉండే థాలమస్ అనే కూడలిలో మజిలీ చేయకుండా నేరుగా జ్ఞాపకానికీ భావోద్వేగానికీ సంబంధించిన మెదడు భాగాలను చేరతాయన్నది నిజమే, కానీ నాకు ఆ తైలాల వల్ల చేరింది తలనొప్పి. మూడు సీసాలు చెల్లెలికి ఇచ్చేశాను. ఆమెకు బాగా పనిచేస్తున్నాయి.

అసలు మలుపు నా తెలివి వల్ల వచ్చింది కాదు, మోటారు పాడవడం వల్ల వచ్చింది. పైఅంతస్తులోకి నీళ్లు ఎక్కలేదు. కింద పంపు దగ్గర పట్టుకుని పైకి మోయడం తప్ప గతి లేదు. ఒక్కో బకెట్‌లో పది లీటర్లు, అంటే పది కిలోలు, రెండు చేతులా రెండు, ఇరవై రెండు మెట్లు, ఏడు విడతలు. అప్పటికి నేను ఉన్న స్థితికి ఇంత శ్రమ పడితే రాత్రికి ఖాయంగా మంచాన పడతానని అనుకుంటూనే మొదలుపెట్టాను. బకెట్ల తీగ పిడులు వేళ్ల మడతల్లో గీతలు పడేలా నొక్కుకుపోతున్నాయి, భుజాలు కిందికి లాగుతున్నాయి, ప్రతి మెట్టుకూ మడమ నుంచి తుంటి దాకా బరువు దిగబడి మళ్లీ లేస్తోంది. నీళ్లు తొణకకుండా చూసుకోవాలి కాబట్టి తొందరపడే వీలు లేదు. ఏడో విడత అయ్యాక గోడకు చేరబడి కూర్చున్నాను. ఆ సమయంలో పక్కింట్లో గోడకు డ్రిల్లు వేయడం మొదలైంది. నేను ఉలిక్కిపడలేదని నాకు తెలిసింది కూడా ఆ డ్రిల్లు ఆగిపోయాకే. పుస్తకంలో రాసుకున్నాను: ముందు ఏడు, పది నిమిషాలకు మూడు, గంటకు మూడు. అన్ని పేజీల్లోనూ గంట గడి పైకి ఎక్కకుండా నిలిచిన మొదటి వరుస అది.

థెరపిస్టు ఆ వరుస చూసి నవ్వి, “సరే, మోటారు బాగైపోయింది కదా, మరి రేపటి నుంచి ఏం మోస్తారు?” అని అడిగారు.

కండరాలలో, స్నాయువులలో, కీళ్లలో ఉండే గ్రాహకాలు మన అవయవాలు ఎక్కడ ఉన్నాయో, ఎంత బరువు లాగుతున్నాయో నిమిషనిమిషానికీ మెదడుకు చెబుతూ ఉంటాయి. కళ్లు మూసుకుని కూడా వేలితో ముక్కును తాకగలగడం దీనివల్లే. ఆంగ్ల శాస్త్రవేత్త చార్లెస్ షెరింగ్టన్ 1906లో దీనికి ప్రొప్రియోసెప్షన్ అని పేరు పెట్టారు. మనం ఐదు ఇంద్రియాల లెక్క చెప్పుకుంటాం కానీ ఆ ఐదింటిలో ఇది లేదు, లోపలి చెవి చూసుకునే సమతుల్యత కూడా లేదు. ఈ రెండింటినీ స్పర్శతో కలిపి, మిగతా జ్ఞానమంతా వీటి పునాది మీదే కుదురుకుంటుందని వాదించినవారు ఎ. జీన్ ఎయిర్స్ అనే అమెరికన్ ఆక్యుపేషనల్ థెరపిస్టు. నేర్చుకోవడంలో ఇబ్బంది పడే పిల్లలను చూసి ఆమె ఆ సిద్ధాంతాన్ని 1972లో పుస్తకరూపంలో వెలువరించారు. పిల్లల కోసం పుట్టిన ఆ పద్ధతి పెద్దలందరికీ ఇంతే ఫలితమిస్తుందని ఎవరూ హామీ ఇవ్వరు, మా థెరపిస్టు కూడా ఇవ్వలేదు. పరుగెత్తడానికి సిద్ధమై కూర్చున్న శరీరానికి చివరికి ఏదో ఒక బరువు పని దొరకడం వల్లే అది చల్లబడిందని నేను సొంతంగా సర్దిచెప్పుకున్నాను.

రోజూ బకెట్లు మోయలేను కాబట్టి ప్రత్యామ్నాయాలు వెతికాం. గోడకు రెండు అరచేతులు ఆనించి, గోడను పక్కకు జరపాలన్నంత బలంగా పది సెకన్లు తోసి వదలడం, అలా ఐదుసార్లు. కుర్చీ చేతులను పట్టుకుని, పాదాల మీద భారం వేయకుండా ఒంటిని పైకెత్తడం. అలమరలోని పుస్తకాలను దొంతరలుగా ఒక మూల నుంచి మరో మూలకు చేర్చడం. వీటన్నిటిలోనూ నాకు బాగా కుదిరింది మాత్రం తడి దుప్పట్లను చేత్తో పిండడం. యంత్రం చేసే పనిని చేత్తో ఎందుకు చేస్తావని ఇంట్లో వాళ్లు మొదట ఎగతాళి చేశారు. దుప్పటిని సగానికి మడిచి, ఒక కొస మోకాళ్ల మధ్య ఇరికించి, రెండో కొసను మెలితిప్పుకుంటూ పోతే ఒక దశలో అది తాడులా బిగుసుకుని మోచేతుల దాకా వణుకు పుట్టిస్తుంది. ఆపైన ఇంకో అర మెలిక వేస్తే చివరి నీటి చుక్కలు జారతాయి. వదలగానే అరచేతుల్లోకి వెచ్చదనం పాకుతుంది. వదిలిన ఆ రెండు క్షణాల్లో భుజాలు చెవుల దగ్గరి నుంచి వాటంతట అవే కిందికి దిగుతాయి. బిగించి వదలడం ద్వారా కండరానికి సడలింపు నేర్పవచ్చని అమెరికా వైద్యుడు ఎడ్మండ్ జేకబ్సన్ గత శతాబ్దపు తొలి దశకాల్లోనే ఒక పద్ధతి రూపొందించారు. నా దుప్పటి దానికి పేద బంధువు కావచ్చు.

శ్వాస దగ్గర నేను ఓడిపోయాను. నెమ్మదిగా ఊపిరి తీసి వదలండని ప్రతివారూ చెబుతారు, ఆ మాటకు ఆధారమూ ఉంది: ఊపిరి లోపలికి తీసేటప్పుడు గుండె కాస్త వేగం పెంచుకుంటుంది, వదిలేటప్పుడు పదో కపాల నాడి అయిన వేగస్ పట్టు బిగించి ఆ వేగాన్ని తగ్గిస్తుంది. కాబట్టి వదలడం ఎంత నిడివిగా ఉంటే అంత మంచిది. నిమిషానికి ఆరు శ్వాసల దగ్గర ఈ ఎగుడుదిగుడు బాగా పెరుగుతుంది. ఇదంతా అర్థమయ్యాక కూడా, కళ్లు మూసుకుని ఊపిరిని గమనించడం మొదలుపెట్టగానే నా చెవి తలుపు దగ్గరి నుంచి ఛాతీ దగ్గరికి మకాం మార్చేది. ప్రతి గుండె చప్పుడూ లెక్కకు వచ్చేది. ఐదు రోజుల గడుల్లో అలజడి ఆరు నుంచి ఎనిమిదికి ఎక్కింది. థెరపిస్టు వెంటనే మాన్పించి, నోరు మూసి, ఏదో ఒక స్వరం పట్టుకుని, ఊపిరి అయిపోయే వరకు ‘మ్...’ అని సాగదీయమన్నారు. అలా చేస్తే వదిలే ఊపిరి నిడివి దానంతటదే పెరుగుతుంది, లెక్క అక్కర్లేదు. పెదవుల్లో, దవడలో, ఛాతీ ఎముకలో కంపనం తెలుస్తుంది కాబట్టి మనసు ఆనుకోవడానికి ఒక చోటు దొరుకుతుంది. పైగా ఆ చప్పుడు నాది. నా చెవికి అన్నేళ్లకు ఒక చప్పుడు ముందుగా చెప్పి వచ్చింది.

స్పర్శ విషయంలో నాలో నాకే పొత్తు కుదరని సంగతి ఒకటి బయటపడింది. ఎవరైనా ఓదార్పుగా భుజం మీద మెల్లగా నిమిరితే నాకు ముళ్లు గుచ్చుకున్నట్టుండేది. అదే భుజాన్ని గట్టిగా నొక్కి పట్టుకుంటే హాయిగా ఉండేది. వెంట్రుకలున్న చర్మంలో సెకనుకు మూడు సెంటీమీటర్ల వంటి మంద వేగంతో నిమిరితేనే బాగా స్పందించే ప్రత్యేక నాడీ తంతువులున్నాయని, చాలామందికి ఆ నిమురుడు సుఖాన్నిస్తుందని తెలిసినప్పుడు, నేను ఆ చాలామందిలో లేనందుకు కాస్త బాధపడ్డాను. మా వారికి ఈ సంగతి చెప్పడానికి నాకు ఆరు నెలలు పట్టింది. ఆయన నొచ్చుకుంటారనుకున్నాను. “ముందే చెప్తే సగం శ్రమ తప్పేదిగా” అని, అప్పటి నుంచి రెండు అరచేతులతో భుజాలను కిందికి నొక్కి పది లెక్కపెట్టి వదులుతున్నారు.

అదే ధోరణిలో బరువు దుప్పటి కూడా ప్రయత్నించాను. ఒంటి బరువులో పదోవంతు అనే లెక్క తరచుగా వినిపిస్తుంది. నా 58 కిలోలకు అది దాదాపు ఆరు కిలోలు. తూకానికి మందపాటి బొంతలు రెండు మడిచి నడుము నుంచి పాదాల వరకు వేసుకుంటే నిద్రపట్టే వేళ ముందుకు జరిగింది, కానీ ఉక్కపోతలో ఆ బొంతల కింద మనిషి ఉడికిపోతుంది. ఇప్పుడు చల్లని రాత్రుల్లోనే వాడుతున్నాను. దానిని తనంతట తాను తొలగించుకోలేని చిన్నపిల్లలకు, శ్వాస ఇబ్బంది ఉన్నవారికి అది పనికిరాదు.

అలజడి పదికి చేరినప్పుడు మాత్రం బరువు పనులకు ఓపిక ఉండదు, అప్పటికి చన్నీళ్లే దిక్కు. పళ్లెంలో చల్లని నీళ్లు పోసి, ఊపిరి బిగబట్టి, నుదురు, కళ్లు, బుగ్గలు మునిగేలా పదిహేను ఇరవై సెకన్లు ముఖం ముంచితే గుండె వేగం తగ్గుతుంది. నీటిలో మునిగే క్షీరదాలన్నిటిలో ఉండే ప్రతిచర్య ఇది. ముఖంలోని నాడి ఆ చల్లదనాన్ని మోసుకెళితే వేగస్ గుండెకు కళ్లెం వేస్తుంది. గుండె జబ్బు గానీ, గుండె లయలో తేడా గానీ ఉన్నవారు వైద్యుడిని అడగకుండా దీని జోలికి పోకూడదు. నేను కూడా ఈసీజీ చూపించి అడిగాకే చేశాను.

ఇవన్నీ తెలిసిన తరువాత కూడా రెండు నెలలు నేను ఒక పొరపాటు చేస్తూనే ఉన్నాను. అలజడి వచ్చాక వీటిని వాడేదాన్ని. గడులను వరుసగా చదువుకుంటూ పోతే ఉలికిపాట్లలో ఎక్కువ భాగం ఉదయం పదకొండున్నర, సాయంత్రం నాలుగున్నర ప్రాంతాల్లోనే ఉన్నాయి. అంటే హెడ్‌ఫోన్లతో కదలకుండా రెండు గంటలకు పైగా కూర్చున్నాక. మూత పడిన రోజు కూడా అంతే. చప్పుడు నిప్పురవ్వ మాత్రమే, మందుగుండు కదలని కుర్చీలో అప్పటికే పోగై ఉంది. అందుకని గంటన్నరకోసారి, బాగున్నా బాగాలేకపోయినా, లేచి ఐదుసార్లు గోడ తోసి, మెట్లు ఒక విడత ఎక్కి దిగి, ఒక నిమిషం ‘మ్...’ అని సాగదీసి మళ్లీ కూర్చోవడం మొదలుపెట్టాను. బాగున్నప్పుడు లేవడమే కష్టం. పనిలో మునిగినప్పుడు గోడ తోయడం వెర్రిగా అనిపిస్తుంది, పక్క బల్ల దగ్గరి వారు చూస్తే మరీను. మా ఆఫీసులో ఒకరు, భవనం ఇంకా నిలబడే ఉందా అని అడిగారు కూడా.

చెవి బిరడాలను ఒక్కసారిగా మానలేదు. రోజుకు పది నిమిషాలు తగ్గించుకుంటూ, ఆ తీసిన సమయంలో ఫ్యాను చప్పుడు వంటి నిలకడైన మోతను తోడు పెట్టుకుంటూ వచ్చాను. నిలకడైన చప్పుడును మెదడు కొంతసేపటికి లెక్కలోంచి తీసేస్తుంది, ఒంటి మీది బట్టల స్పర్శను మరిచిపోయినట్టే. బిరడాలు పూర్తిగా పక్కన పెట్టడానికి పదకొండు వారాలు పట్టింది. మధ్యలో జ్వరం వచ్చి ఒకసారి మొదటికి వచ్చాను. నిద్ర తక్కువైన మరునాడు గడప కిందికి దిగిపోతుంది, ఆ రోజు ఇవేవీ సరిగా పనిచేయవు, ఇప్పటికీ అంతే.

మొన్న వంటగదిలో మళ్లీ మూత పడింది. అదే మూత, సొట్ట కూడా ఉంది. ఉలిక్కిపడ్డాను. రెండు అరచేతులూ గట్టు మీద ఆనించి ఒంటి బరువంతా వేసి నొక్కి, ఒక ఊపిరి పొడవునా ‘మ్...’ అని, మూత తీసి కడిగి బోర్లించి, ఆపిన పని అందుకున్నాను. రాత్రి పుస్తకం తెరిచి వేళ రాశాను, ముందు ఎంత అన్న గడిలో ఐదు వేశాను. పది నిమిషాల తరువాత ఎంత ఉందో రాద్దామంటే గుర్తు రాలేదు. ఆ గడి ఖాళీగానే ఉంది.